ముప్పై మంది మిగిలేసరికే ఎందుకు పోతున్నారు? ఎరాంగెల్‌లో చివరి వలయం దాకా నిలబడే పద్ధతి

అడిగిన తమ్ముడిది నెల్లూరు. ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "బీజీఎంఐలో (ఫోన్‌లో ఆడే తుపాకుల పోరు ఆట) నలుగురం స్క్వాడ్‌గా (జట్టుగా) ఎరాంగెల్ మ్యాప్ ఆడుతున్నాం. అందులోని పొచింకి ఊళ్లో దిగితే మూడు నాలుగు కిల్స్ వస్తాయి. కానీ ముప్పై మంది మిగిలేసరికి ఎక్కడి నుంచో తూటాలు తగిలి అయిపోతున్నాం. ప్లాటినం ర్యాంకు దాటడం లేదు. గురి బాగానే ఉంది. చివరి పది మందిలో ఉండాలంటే ఏం చేయాలి? పైగా ఎండాకాలం ఫోన్ వేడెక్కి ఆట పట్టేస్తోంది."

తమ్ముడూ, "ఎక్కడి నుంచో" అన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. కాల్చినవాడు ఎక్కడున్నాడో తెలియకుండానే పోతున్నావంటే నీ గురికి ఇంకా పరీక్షే రాలేదు. ఆ నిమిషంలో నువ్వు ఉండకూడని చోట ఉన్నావు. చివరిదాకా బతికినవాళ్లే గెలిచే ఈ ఆటలో ముప్పై మంది మిగిలే సమయానికి మొదటి దెబ్బలాటలు సద్దుమణుగుతాయి. మిగిలినవాళ్లు ఇళ్లలో, గట్ల మీద సర్దుకుని, ఆలస్యంగా కదిలేవాళ్ల కోసం చూస్తుంటారు. మీరు ఆ ఆలస్యంగా కదిలే జట్టు. కాబట్టి దిగే చోటు, కదిలే వేళ ఈ రెండూ సరిచేసుకుంటే గురి జోలికి పోకుండానే ర్యాంకు మారుతుంది.

ముందు దిగే చోటు. ఎరాంగెల్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మ్యాప్, అందులో వంద మంది. పొచింకి దాదాపు నడిమధ్యలో ఉంది గనక విమానం ఏ దారిన పోయినా ఎవరో ఒకరు అక్కడ దిగుతారు. అక్కడ గెలిచినా హెల్మెట్ పగిలి, తూటాల దెబ్బ తగ్గించే చొక్కా సగం అరిగి, హీల్స్ (ప్రాణం పెంచే మందులు) అయిపోయి, సమయం తినేసి బయటికొస్తారు. ఆ నష్టం అప్పుడు కనిపించదు, ఇరవై నిమిషాల తర్వాత కనిపిస్తుంది. ర్యాంకు ఎక్కాలనుకున్నప్పుడు విమానం దారికి కిలోమీటరు నుంచి కిలోమీటరున్నర పక్కన, నలుగురికి సరిపడా ఐదారు ఇళ్లున్న చోటు చూసుకో. పక్కన రోడ్డు ఉండాలి, ఎందుకంటే బండ్లు రోడ్ల పక్కనే దొరుకుతాయి. స్కూల్, మిలిటరీ బేస్, జార్జోపోల్ పెట్టెల వైపు పోకు. గట్కా చుట్టుపక్కల, స్టాల్బర్, లిపోవ్కా లాంటివి చాలా మ్యాచ్‌లలో ఖాళీగా ఉంటాయి. వాటిలోనూ విమానం సరిగ్గా పైనుంచి పోతుంటే మానుకో.

దూకేటప్పుడు మ్యాప్‌లో గుర్తు పెట్టుకో. దగ్గర చోటుకైతే ఆ గుర్తు సుమారు 750-800 మీటర్ల దూరం చూపించినప్పుడు దూకి, చూపు నిటారుగా కిందికి పెట్టి స్టిక్ ముందుకు తోయి. వేగం గంటకు 234 కిలోమీటర్ల దాకా పోతుంది, అంతకు మించదు. దూరం పోవాలంటే చూపు అడ్డంగా ఉంచి, పారాచూట్ కాస్త ముందే తెరువు. గాలిలో ఉన్నప్పుడే తెర మీది కన్ను బొమ్మను నొక్కి పట్టుకుని, చూపు నాలుగు పక్కలా తిప్పి ఎన్ని గొడుగులు ఎటు దిగుతున్నాయో లెక్కపెట్టు. చాలామంది ఈ పని వదిలేసి నేల వైపే చూస్తారు. తర్వాత పక్కింటి జట్టు వెనక నుంచి వచ్చి కొడితే, అది ఆకాశంలోనే తెలిసి ఉండాల్సిన విషయం.

లూట్ (ఇళ్లలో ఏరుకునే తుపాకులు, సామాను) దగ్గర ఎక్కువసేపు నిలవొద్దు. తూటాల విషయంలో ఆశ తగ్గించుకో. ఎం416 రైఫిల్ వాడితే 5.56 తూటాలు 150 నుంచి 180 చాలు. రెండో తుపాకీ డీఎంఆర్ (దూరం కాల్చే సెమీ ఆటోమేటిక్ రైఫిల్) గానీ స్నైపర్ గానీ అయితే 60 నుంచి 80. మూడు వందల తూటాలు మోసి స్మోక్ (పొగ బాంబు) ఒక్కటీ లేకుండా తిరిగే జట్టు చివరి వలయంలోకి నడవలేదు. మనిషికి కనీసం 4 స్మోక్‌లు, 2 గ్రెనేడ్‌లు, 4-5 ఫస్ట్ ఎయిడ్‌లు, ఎనర్జీ డ్రింకులు, పెయిన్‌కిల్లర్లు కలిపి 6-7. రెండో లెవెల్ బ్యాగులో సర్దుకోవచ్చు. ఏకేఎం రైఫిల్‌కు గొట్టం చివర, మ్యాగజైన్ తప్ప పెద్దగా తగిలించేవి ఉండవు. ఎం416కు గ్రిప్, స్టాక్ కూడా పడతాయి, అన్నీ దొరికితే స్ప్రే (ఆపకుండా కాల్చడం) నిలకడగా ఉంటుంది. ఏవీ దొరకని మొదటి ఐదు నిమిషాల్లో మాత్రం ఇళ్ల లోపల ఏకేఎంకే మొగ్గు చూపుతాను, ఒక్కో తూటా దెబ్బ ఎక్కువ గనక.

చొక్కా, హెల్మెట్ లెక్క గుర్తుంచుకో. మొదటి లెవెల్ దెబ్బలో 30 శాతం, రెండోది 40 శాతం, మూడోది 55 శాతం తగ్గిస్తుంది. కార్98కే గానీ ఎం24 గానీ (ఒక్కో తూటాకు బోల్ట్ లాగే స్నైపర్‌లు) తలకు తగిలితే రెండో లెవెల్ హెల్మెట్ ఉన్నా, ప్రాణం నిండుగా ఉన్నా పడిపోతావు. అందుకే దూరం నుంచి బోల్ట్ తుపాకీ చప్పుడు వినిపిస్తే ఒకసారి తల చూపిన చోటే రెండోసారి చూపకు. ఏడబ్ల్యూఎం స్నైపర్ మూడో లెవెల్ హెల్మెట్‌ను కూడా లెక్కచేయదు. అది ఎయిర్‌డ్రాప్‌లో (విమానం జారవిడిచే పెట్టెలో) వస్తుంది కదా అని ఎర్ర పొగ వైపు నలుగురూ పరుగెత్తకండి. డ్రాప్ చుట్టూ ఉండే ఖాళీ నేల మీద జనం గట్ల పైనుంచి కాపు కాస్తారు. మీ దారిలో, మీ పక్క గోడ చాటున పడితే తప్ప దాన్ని వదిలేయమంటాను.

ఇక అసలు విషయం, వలయం.

నీలి వలయం అంటే ఆట హద్దు, బయట ఉంటే ప్రాణం తగ్గుతుంది; తెల్ల వలయం అంటే ఆ హద్దు తర్వాత కుంచించుకుపోయే చోటు. తెల్ల వలయం ఎప్పుడూ ఉన్న నీలి వలయం లోపలే పడుతుంది. ప్రతి దశకూ ఆగే సమయం, మూసుకునే సమయం రెండూ తగ్గుతూ పోతాయి, నీలి దెబ్బ పెరుగుతూ పోతుంది. మొదటి ఒకటి రెండు వలయాల్లో నీలిలో కాసేపు ఉన్నా ఫస్ట్ ఎయిడ్‌తో గడుస్తుంది. ఇదే చెడ్డ అలవాటు నేర్పుతుంది, "పర్లేదులే, నీలి వచ్చాక పోదాం" అని. నాలుగో వలయం దాటాక అదే పని చేస్తే ఫస్ట్ ఎయిడ్ పూర్తయ్యే 6 సెకన్లలో ఎక్కిన ప్రాణం కన్నా దిగేదే ఎక్కువ అవుతుంది. పైగా నీలి తరుముతుంటే నీకు దారి ఎంచుకునే వీలుండదు. నీ దారి ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది.

పద్ధతి రెండు రకాలు. ఒకటి, తెల్ల వలయం కనబడగానే బండెక్కి నడిమధ్యకు పోయి గోడలున్న ఇళ్ల గుంపు పట్టుకోవడం. రెండోది, అంచు పట్టుకుని నీలితో పాటే నెమ్మదిగా లోపలికి జరగడం. నడిమధ్య సుఖంగా కనిపిస్తుంది గానీ నాలుగు వైపులా కాపలా కావాలి. నలుగురూ నాలుగు కిటికీల దగ్గర నోరు కదుపుతూ, చూసింది చెప్పుకుంటూ ఉండగలిగితేనే అది పనిచేస్తుంది. మీ దశలో అంచే మేలు. నీలి వీపు వెనక ఉంటే అటు నుంచి వచ్చేవాళ్లు దాదాపు ఉండరు, చూడాల్సింది ముందు, రెండు పక్కలే. వలయం మూసుకోవడం మొదలయ్యాక కదిలితే ఆలస్యం. తర్వాతి తెల్ల వలయం కనబడిన ముప్పై సెకన్లలో ఎటు పోవాలో ఒక్కరే నిర్ణయించాలి, మిగతా ముగ్గురూ వాదించకుండా కదలాలి. నలుగురూ నాలుగు మాటలు అనుకునే జట్టుకు ఎంత గురి ఉన్నా ఉపయోగం లేదు.

అంచు పద్ధతిలో ఒక చిక్కు ఉంది. వలయం నీకు ఎదురు కొసకు జరిగితే చాలా దూరం పోవాలి, అందుకే బండి వదిలేయకుండా గట్టు చాటునో గోడ చాటునో ఆపి ఉంచుకో. పట్టుకోవాలనుకున్న చోటుకు రెండు మూడు వందల మీటర్ల ముందే దిగి నడువు, ఇంజిన్ చప్పుడు చుట్టుపక్కల అందరికీ వినిపిస్తుంది. బండి చాటున దాక్కోవాల్సి వస్తే దాన్ని అడ్డంగా ఆపి, శత్రువుకు అవతలి వైపు దిగు. పొగ, మంట మొదలైతే వెంటనే దూరం జరుగు, పేలితే చాటు పోవడమే కాదు నువ్వూ పోతావు.

వలయం మిలిటరీ బేస్ ఉన్న దీవి మీదకు పోతే వంతెనలు రెండే. తెల్ల వలయం అటు పడిందని తెలిసిన వెంటనే దాటితే వంతెన ఖాళీగా ఉంటుంది. లూట్ ముగించుకుని పోతే అవతలి చివర బండ్లు అడ్డం పెట్టి కూర్చున్న జట్టు ఉంటుంది. ఆలస్యమైతే వంతెన మానేసి పడవ చూసుకో, పడవ లేకపోతే కాస్త పక్కకు పోయి ఈదు.

ఇప్పుడు మీరు పోయే ఘట్టాన్నే దగ్గరగా చూద్దాం. ఐదో వలయం వచ్చింది అనుకో. మీరు గోధుమ చేను ఇవతల ఇంట్లో ఉన్నారు. లోపలికి పోవాలంటే 120 మీటర్ల ఖాళీ, అవతల ఒక బండరాయి. కుడివైపు గట్టు మీద ఒక జట్టు ఉందని తెలుసు. ఇక్కడ చాలామంది ముగ్గురూ నలుగురూ ఒకేసారి పరుగెత్తుతారు, లేదా చేలో పడుకుని పాకుతారు. పాకడం మరీ ప్రమాదం. దగ్గరున్నవాడికి గడ్డి కనిపిస్తుంది గానీ దూరం నుంచి చూసేవాడి తెర మీద గడ్డి గీయబడదు. నువ్వు గడ్డిలో ఉన్నాననుకుంటావు, వాడికి బోడి నేల మీద పడుకున్న మనిషివి.

చేయాల్సింది ఇలా. ఇంట్లో ఉండగానే ఒక్కొక్కరు రెండు ఎనర్జీ డ్రింకులు తాగండి. ఒక్కోటి 4 సెకన్లు, 40 బూస్ట్ ఇస్తుంది. రెండూ కలిస్తే 80, బూస్ట్ 60 దాటితే పరుగు వేగం కూడా కాస్త పెరుగుతుంది, ప్రాణం మెల్లగా ఎక్కుతుంది. తర్వాత ఇద్దరు స్మోక్‌లు వేయాలి. మీ మీద వేసుకుంటే మీకే కనిపించదు, వాళ్లు పొగలోకి గుడ్డిగా కాల్చినా తగులుతుంది. గట్టుకూ మీ దారికీ మధ్య, దారికి పది పదిహేను మీటర్లు కుడివైపుగా వరసగా మూడు పడాలి, ఒకటి మొదట్లో, ఒకటి మధ్యలో, ఒకటి రాయికి దగ్గర్లో. చేతికి అంత దూరం అందదు గనక మూడోది పరుగు మధ్యలో వేయాల్సి వస్తుంది, అది ఎవరు వేస్తారో ముందే చెప్పుకోండి. పొగ విచ్చుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, అది గోడలా నిలిచేదాకా ఆగండి. ఇక తుపాకీ వీపుకు పెట్టి పరుగు, చేతిలో తుపాకీ ఉంటే వేగం తగ్గుతుంది. 120 మీటర్లకు ఇరవై సెకన్ల లోపే పడుతుంది, పొగ అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకడు మాత్రం ఇంట్లోనే ఉండి కిటికీలోంచి గట్టు మీదకు కాలుస్తూ వాళ్ల తలలు పైకి లేవకుండా చూడాలి. ముగ్గురు రాయి చేరాక ఆ ముగ్గురూ కాలుస్తుంటే అతను రావాలి. పరుగులో ఒకడు నాక్ అయితే (దెబ్బ తిని కూలబడితే) మధ్యలో ఆగొద్దు. అతన్ని లేపడానికి 10 సెకన్లు కావాలి, ఖాళీ నేల మీద అది ఇద్దరి ప్రాణం. అతనే పాకుతూ పొగ వైపు రావాలి, మిగిలిన స్మోక్ అతని మీద పడాలి, అప్పుడు చూద్దాం లేపే సంగతి.

హీల్ లెక్క కూడా చెబుతాను, చాలామంది ఇక్కడ సెకన్లు పారబోస్తారు. ఫస్ట్ ఎయిడ్ 6 సెకన్లలో 75 దాకానే తెస్తుంది. మెడ్‌కిట్ 8 సెకన్లలో నిండుగా నింపుతుంది. బ్యాండేజ్ ఒక్కోటి 10 చొప్పున, అదీ 75 దాటదు. మెడ్‌కిట్ కాకుండా 75 నుంచి పైకి తెచ్చేవి ఎక్కువగా డ్రింకులు, పెయిన్‌కిల్లర్లు. పెయిన్‌కిల్లర్ 60 బూస్ట్ ఇస్తుంది, 6 సెకన్లు పడుతుంది. దెబ్బలాట అయ్యాక తాగే డ్రింకు కన్నా ముందు తాగింది ఎక్కువ పనిచేస్తుంది. తలుపు తన్నే ముందు, ఖాళీ దాటే ముందు బూస్ట్ నిండుగా ఉండాలి. మెడ్‌కిట్‌లు చివరి వలయానికి దాచుకో.

కాల్చాలా వద్దా అన్నది ర్యాంకు ఆడేవాడి మొదటి ప్రశ్న కావాలి. నువ్వు కాల్చిన మొదటి తూటాకే నీ చోటు చుట్టుపక్కల జట్లకు తెలుస్తుంది, దగ్గరవాళ్లకు మినీమ్యాప్‌లో గుర్తు కూడా పడుతుంది. రెండు వందల మీటర్ల అవతల పరుగెత్తేవాడికి ఇరవై తూటాలు పోసి కాస్త ప్రాణం తగ్గించి ఊరుకుంటే మీకు ఏమీ రాలేదు, మూడో జట్టు వస్తుంది. పడగొట్టగలను, పడగొట్టాక వెళ్లి ముగించగలను లేదా వాడి జట్టు రాలేదు అన్న నమ్మకం ఉంటేనే కాల్చు. రెండు జట్లు కొట్టుకుంటున్నప్పుడు చప్పుడు ఆగేదాకా కాదు, తగ్గేదాకా ఆగి వెళ్లు. ఆగిపోయాక పోతే వాళ్లు హీల్ అయిపోయి ఉంటారు.

చెవులు కళ్లంత ముఖ్యం. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడు. మామూలు బ్లూటూత్‌లో చప్పుడు ఆలస్యంగా వస్తుంది, మనిషి మెట్ల మీదకు వచ్చేసరికి నీకు ఇంకా గుమ్మం దగ్గర అడుగులే వినిపిస్తాయి. ఇంట్లో ఉన్నప్పుడు పరుగెత్తకు, వంగి నడిస్తే అడుగుల చప్పుడు బాగా తగ్గుతుంది. లోపలికి రాగానే తలుపు మూసెయ్యి. తెరిచిన తలుపు దూరం నుంచే "ఇక్కడెవరో ఉన్నారు" అని చెబుతుంది. టీపీపీలో (మన ఆటగాణ్ని వెనక నుంచి చూపే పద్ధతిలో) గోడ వెనక కూర్చునే కెమెరా తిప్పి అవతల చూడొచ్చు, తల బయట పెట్టక్కర్లేదు. కాబట్టి ముందుగా పరుగెత్తి వచ్చేవాడికన్నా చాటున ఉన్నవాడిదే పైచేయి. రష్ చేయాలంటే (ఒక్కసారిగా మీద పడాలంటే) ఈ లెక్క మర్చిపోకు, ముందు గ్రెనేడ్ పోవాలి. పిన్ తీశాక పేలడానికి సుమారు 5 సెకన్లు. తీసిన వెంటనే విసిరితే వాళ్లు పారిపోతారు, మూడు సెకన్ల దాకా చేతిలో పట్టుకుని విసురు.

జట్టులో మాట. "ఆడుండాడ్రా మావా, ఆడ, ఆడ!" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. పైన దిక్సూచిలో అంకె ఉంటుంది, అది చెప్పండి: "నూట ఇరవై, చెట్టు వెనక, ఇద్దరు, వంద మీటర్లు." అంకె, గుర్తు, ఎంతమంది, ఎంత దూరం, ఇదే వరస. నలుగురి మధ్య పదేసి మీటర్ల ఎడం ఉంచండి, ఒక గ్రెనేడ్‌కు ఇద్దరు పోకూడదు.

చివరి మూడు జట్లు మిగిలినప్పుడు ముందు కాల్చినవాళ్లు తరచు మూడో స్థానంలో పోతారు. వలయం మిగతా రెండు జట్లలో ఎవరిని ముందు కదిలిస్తుందో చూడు, వాళ్లు కదిలినప్పుడు రెండో జట్టు కాలుస్తుంది, అప్పుడు మీకు ఎవరి వీపు కనిపిస్తే వాళ్ల మీదకు పోండి. కాలేజీ టోర్నమెంట్లకు పోయే ఆలోచన ఉంటే ఇంకొక లెక్క. ఎక్కువగా వాడే పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి 10, తర్వాత వరసగా 6, 5, 4, 3, 2, 1, 1, ఒక్కో కిల్‌కు 1. అంటే తొమ్మిదో స్థానంలో పోయి మూడు కిల్స్ కొట్టినదానికన్నా, ఒక్క కిల్ లేకుండా రెండో స్థానం చేరడం రెట్టింపు.

ఇక ఫోన్. ఎరాంగెల్ మ్యాచ్ దాదాపు అరగంట నడుస్తుంది. మే నెలలో మన నెల్లూరు, కావలి, ఒంగోలు ఎండకు మిద్దె మీద గదిలో ఆడితే ఇరవై నిమిషాలకే ఫోన్ వేడెక్కి ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అంటే సరిగ్గా చివరి వలయాల్లో ఫ్రేములు పడిపోతాయి. గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టు. ఫ్రేమ్ రేట్ ఫోన్ ఇవ్వగలిగిన గరిష్ఠం కన్నా ఒక మెట్టు తక్కువలో పెట్టు. పది నిమిషాలు 60 వచ్చి తర్వాత 35కు ఊగిసలాడటం కన్నా మొదటి నుంచి చివరిదాకా 40 నిలకడగా ఉండటం స్ప్రేకు మేలు. ఆడుతూ ఛార్జింగ్ పెట్టకు. వెనక కేస్ తీసెయ్యి, వెలుగు తగ్గించు, ఫ్యాన్ గాలి నేరుగా ఫోన్ వెనక్కి తగలనీ. చల్లబరచాలని ఫ్రిజ్‌లో పెట్టడం, మంచు నీళ్ల సంచి ఆనించడం చేయొద్దు, లోపల తేమ చేరి బోర్డు పాడవుతుంది. మన కోస్తా ఉక్కకు వేళ్లు చెమర్చి తెర మీద జారవు, బిగుసుకుంటాయి. బొటనవేళ్లకు తొడుక్కునే స్లీవ్‌లు తక్కువ ధరకే దొరుకుతాయి, లేదా మ్యాచ్‌కు ముందు చేతులు కడిగి పొడి నూలు గుడ్డతో తుడుచుకో. వీలైతే ర్యాంకు మ్యాచ్‌లు పొద్దున్నే గానీ రాత్రి గానీ ఆడి, మధ్యాహ్నం ట్రైనింగ్ గ్రౌండ్‌తో సరిపెట్టుకో.

పింగ్ (సర్వర్‌కు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 60 లోపు ఉంటే హాయి. 100 దాటితే ఇరువైపులా తల చూపిన పోటీలో నువ్వే ముందు పోతావు. వైఫై అయితే 5 గిగాహెర్ట్జ్‌కు కలిపి, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చో. కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి పెట్టుకో, కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ సరిచూసుకో. మొబైల్ డేటా మీద ఆడుతుంటే, 5జీ సిగ్నల్ వచ్చిపోయే ఇంట్లో దాన్ని ఆపి 4జీ మీదే స్థిరంగా ఉంచు. 5జీకీ 4జీకీ మధ్య మారే ప్రతిసారీ పింగ్ ఎగురుతుంది.

సెన్సిటివిటీ (వేలు కదిపితే చూపు ఎంత తిరగాలన్న అమరిక) కోడ్‌లు ఎవరివో దించుకోకు, అవి వాళ్ల ఫోన్‌కు, వాళ్ల వేళ్లకు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో 50 మీటర్ల గోడ మీద 3ఎక్స్ స్కోప్‌తో 30 తూటాలు ఒకేసారి కాల్చి చూడు. నువ్వు కిందికి లాగుతున్నా గుర్తులు పైకి పోతుంటే ఏడీఎస్ (కాలుస్తూ లాగేటప్పటి) సెన్సిటివిటీ ఐదు పాయింట్లు పెంచు, కిందికి పోతుంటే ఐదు తగ్గించు. గైరో (ఫోన్ వంచి గురి కదిపే పద్ధతి) వాడితే స్కోప్ ఉన్నప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టి మొదలుపెట్టు. మీ జట్టులో 18 నిండని వాళ్లుంటే రోజుకు 3 గంటలే ఆట సాగుతుంది, అందులో ఈ సాధనకు ఇరవై నిమిషాలు ముందే తీసి పెట్టుకోండి.

సెట్టింగ్స్‌లో డెత్ రీప్లే కొన్నాళ్లు ఆన్ చేసి పెట్టు. పోయిన ప్రతిసారీ మూడు సంగతులు చూసి రాసుకో: నిన్ను కొట్టినవాడు ఎంత ఎత్తులో ఉన్నాడు, నీకు చాటు ఎంత దూరంలో ఉంది, అప్పటికి వలయం మూసుకోవడం మొదలైందా లేదా. పది మ్యాచ్‌లకు ఒకే రకం తప్పు పదే పదే కనిపిస్తుంది. ఫోన్ పాతదైతే రీప్లే కూడా కాస్త బరువే, ఆ తర్వాత ఆపెయ్యి. ఆ పది మ్యాచ్‌ల రాతతో పాటు ఫోన్ మోడల్, వైఫైనా డేటానా, ఎన్ని వేళ్లతో ఆడుతున్నావో చెబితే బటన్ల అమరిక, సెన్సిటివిటీ నీకు సరిపడేలా చెప్పగలను.